తుంబా వాద్యము: చేతివేగము

ఈ కొన్ని సంవత్సరములుగా మన ప్రాంతపు దేవాలయములలోను, యౌవనస్థుల కూటములలోను, పాఠశాల వార్షికోత్సవములలోను హార్మోనియము ప్రక్కన డోలకుతో కూడ మఱియొక వాద్యము నిలిచియుండుట చూచుచున్నాము. నడుమ కొంచెము ఉబ్బి క్రిందికి సన్నగిల్లిన పొడవైన పీపా. పైన ఒకే చర్మము. పుల్లలు లేవు, వట్టి చేతులతోనే వాయింతురు. పెండ్లిండ్లలో పాటలు పాడు ఆర్కెస్ట్రాలవారు దీనిని తుంబా యందురు. ఇతర దేశములలో దీని వాడుకపేరు కాంగా. మన విద్యార్థులలో దీనిపై మక్కువ గలవారు నానాటికి హెచ్చుచున్నారు. వారందఱును మమ్మడుగు ప్రశ్న యొక్కటే: "మాస్టారూ, చేతులు వేగముగా ఆడవలెనన్న ఏమి చేయవలెను?"

ఈ ప్రశ్న చెడ్డది కాదు. కాని యిది మూడవ ప్రశ్న. చేతినుండి ఏ ధ్వని వచ్చుచున్నది యనునది మొదటిది. ఆ ధ్వని వచ్చునప్పుడు చేయి సుఖముగానున్నదా యనునది రెండవది. ఈ రెంటిని దాటి మూడవదానికి దుముకుటవలననే మన పిల్లల వ్రేళ్లు వాచుచున్నవి, పాటయు చెడుచున్నది. మా యభిప్రాయమును దాపరికము లేక చెప్పుదుము. ధ్వనిని నేర్పవచ్చును, చేతికి సౌలభ్యమును నేర్పవచ్చును, వేగమును నేర్పుటకు వీలులేదు. మొదటి రెండును కుదిరిన చేతికి అది దానంతట వచ్చును. కావున మన పాఠశాలలో నిక జరుగు వాద్యపోటీలయందు, ఎవడు అందఱికంటె వడిగా వాయించునో వానికే బహుమాన మిచ్చు పద్ధతిని విడువవలెనని మేము కోరుచున్నాము. ఈ కోరికకు గల కారణములను తల్లిదండ్రులును, సహోపాధ్యాయులును, ముఖ్యముగా విద్యార్థులును ఓపికతో చదువవలెను.

ముందుగా వాద్యము మాట. ఇది క్యూబా ద్వీపమున పుట్టినది. అచ్చటివారు దీనిని తుంబడోరా యని పిలుతురు. ఈ జాతిలో ముఖ్యముగా మూడు పరిమాణములు గలవు. చిన్నదానికి కింటో యని పేరు. దాని మూత వ్యాసము రమారమి 11 అంగుళములు. నడిమిదానికి కాంగా యని పేరు. అది రమారమి పదునొకటి ముప్పాతిక. పెద్దదానికి తుంబా యని పేరు; అది పండ్రెండున్నర. ఎత్తు మూడింటికిని రెండున్నర అడుగులకు అటునిటుగా నుండును. మనవారు పెద్దదాని పేరును అన్నింటికిని పెట్టుకొనిరి. అందు తప్పేమియు లేదు.

చెఱకుతోటలలో పనిచేయుటకై ఆఫ్రికాఖండమునుండి, అందును విశేషముగా కాంగోనదీ ప్రాంతములనుండి, బానిసలుగా గొనిపోబడిన ప్రజలు తమతో నే వస్తువును తీసికొనిపోజాలరైరి. చేతులలోని విద్య మాత్రము వారితో ఓడ యెక్కినది. ఆ చేతులు క్రొత్త దేశమందు దొరకిన చెక్కలతోను పశువుల తోళ్లతోను తమ పాత వాద్యములను మరల చేసికొనెను. యూకా, మకూటా యను కాంగో సంప్రదాయపు వాద్యములు తుంబడోరాకు పూర్వికములని సంగీత చరిత్రకారులు చెప్పుదురు. క్యూబాయందు బానిసత్వము 1886 సం॥న గాని రద్దు కాలేదు. ఆ దీర్ఘకాలమున తోటల యజమానులు అమెరికా దేశములన్నింటను ఇట్టి వాద్యములను అనుమానముతోనే చూచిరి. ఉత్తర అమెరికాలోని దక్షిణ కరోలినాయందు 1739 సం॥న స్టోనో నదియొద్ద బానిసలు తిరుగబడగా, మరుసటి యేట చేయబడిన చట్టము వారు ఈ జాతి వాద్యములను వాయించుటనే నిషేధించెను. చేతిదెబ్బతో పుట్టు ధ్వనికి ఏలికలు అంతగా భయపడిరి.

ఈ చరిత్రను చెప్పుటకు మాకు కారణము గలదు. దేవాలయములో నీ వాద్యమేల యని కొందఱు పెద్దలు మనలను ప్రశ్నించుచున్నారు. వారి భక్తిని మేము గౌరవింతుము. కాని నూట ఏబదియవ కీర్తనను తెఱచి చూచినయెడల అందు తంత్రీవాద్యములతో పాటు చేతితో మ్రోగించు వాద్యములును, తాళములును పేర్కొనబడియున్నవి. ఆరాధనకు తగనిది వాద్యము కాదు. దానిని వాయించు విధము తగనిది కావచ్చును, దానిని గూర్చి ముందు వ్రాయుదుము. మఱియు, దాస్యమందున్న ప్రజ కాపాడుకొనిన ధ్వనిని మోషే గ్రంథములను చదువుకొనిన మనము హీనముగా చూచుట యేమి న్యాయము?

తొల్లి ఈ వాద్యమునకు చర్మమును మేకులతో బిగించి, నిప్పుసెగకు కాచి శ్రుతి చేయుచుండిరి. చలిగాలి తగిలిన సడలును, మరల కాచవలెను. పల్లెలో డప్పు కాచుట చూచిన పిల్లలకు ఇది వింత గాదు. తరువాత ఇనుప కమ్ములును, మరచీలలును, వానిని త్రిప్పు చెవియు వచ్చినవి. ఈ మార్పునకు పాటుపడినవారిలో కార్లోస్ పటాటో వల్దేస్ (1926-2007) అను క్యూబా వాద్యకారుడు ముఖ్యుడు. ఇక్కడ నొక చిన్నమాట. మన విద్యార్థులలో కొందఱి తాతలు డప్పు వాయించినవారు. ఆ మాట చెప్పుటకు పిల్లలు సిగ్గుపడుట మేమెఱుగుదుము. సిగ్గుపడ నక్కఱలేదు. తుంబా ముందు కూర్చుండిన మొదటివారమునందే వారి చేతులు తక్కినవారి చేతులకంటె ముందు మాట వినును. వినుట అలవాటైన చెవి ఇంటినుండియే వచ్చినది గదా.

క్యూబానుండి ఈ వాద్యము లోకమంతట వ్యాపించిన చరిత్ర పెద్దది, దానిని దాటిపోవుదుము. 1947 సం॥ సెప్టెంబరు నెలలో న్యూయార్కునందలి కార్నెగీ మందిరమున డిజ్జీ గిలెస్పీ యను బూరవాద్యకారుని జాజ్ బృందముతో చానో పోజో యను క్యూబావాడు ఈ వాద్యమును వాయించి విన్నవారిని దిగ్భ్రమ చెందించెను. మరుసటి యేడు డిసెంబరులోనే, ముప్పదిమూడేండ్ల ప్రాయమున, ఆ నగరమందే హత్య చేయబడెను. క్యూబా రుంబా సంగీతనృత్యములను 2016 లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. ఒకప్పుడు వీథిలో వాయించుటకు భయపడవలసిన ధ్వనికి ఇట్టి గౌరవము కలిగినది.

ఇప్పుడు చేతుల మాటకు వత్తుము.

తుంబాపై పుట్టు ధ్వనులలో ముఖ్యమైనవి మూడు. వాయించువారు వీనిని ఓపెను, బేసు, స్లాపు అని యింగ్లీషు పేళ్లతోనే పిలుచుచున్నారు. మేమును అట్లే వాడుదుము. ఓపెను ధ్వనికి నాలుగు వ్రేళ్లును ఒకదానితో నొకటి చేరియుండవలెను. వ్రేళ్లు అరచేతితో కలియు మెత్తని భాగము వాద్యపు అంచుపై పడి, వ్రేళ్లు బల్లపరుపుగా చర్మమును తాకి వెంటనే లేవవలెను. బొటనవ్రేలు అంచునకు తగులకుండ ఎడముగా నుండవలెను. తగిలినచో ఆ నొప్పియే దానికి పాఠము. చేయి చర్మముపై నిలిచిన ధ్వని చచ్చును. లేచినచో ఘంటవలె మ్రోగును. బేసు ధ్వనికి అరచేయి యంతయు మూత నడుమ పడవలెను. అయితే వాద్యము నేలకు అంటుకొని నిలిచియున్నంతకాలము ఈ ధ్వని సరిగా రాదు. క్రింది రంధ్రమునుండి గాలి వెడలుటకు త్రోవ కావలెను. అందుచేత వాద్యమును మోకాళ్లనడుమ పట్టి కొంచెము ముందునకు వంచుదురు, లేదా నేలకు ఎత్తుగా నుంచు చట్రముపై పెట్టుదురు. మన విద్యార్థులు "బేసు పలుకుట లేదు" అని చేతితో గుద్దుచుందురు. చేయి నేరము చేయలేదు, నేల మూసికొనియున్నది.

స్లాపు కష్టమైనది. చెంపపై చఱచినట్లు టప్పున తెగిన ధ్వని అది. అరచేతిని కొంచెము గుంటగా వంచి, వ్రేళ్ల కొనలు చర్మమును తాకునట్లు చేయవలెను. ఇది బలముతో వచ్చునని భ్రమపడి పిల్లలు కొట్టుదురు, కొట్టుదురు, కొట్టుచునేయుందురు. నిజమునకు ఓపెనునకును స్లాపునకును బలములో గొప్ప భేదము లేదు; చేయి యాకారములోను, తాకు చోటులోను, వ్రేళ్ల సడలుదలలోను భేదమున్నది. బిగిసిన వ్రేలు స్లాపును చేయజాలదు. తడిబట్టను విదిలించునప్పుడు దాని కొన ఎట్లు చిట్లునో అట్లు, భుజమునుండి బయలుదేరిన కదలిక మోచేయి, మణికట్టు దాటి వ్రేలికొనకు వచ్చునప్పటికి వడి యగును. నెలలు పట్టును. కొందఱికి సంవత్సరము పట్టును. ఇందు ఆశ్చర్యమేమియు లేదు. చక్కని చేవ్రాలు అబ్బుటకు ఎన్ని కాపీపుస్తకములు పట్టినవో మన విద్యార్థులు జ్ఞాపకము తెచ్చుకొందురు గాక.

ఈ మూడింటికి తోడు చేతిని ఊచుట యొకటి గలదు. మణికట్టు దగ్గఱి అరచేతి భాగమొకసారి, వ్రేళ్ల కొనలొకసారి, చేయి చర్మమును విడువక తూగుటబల్లవలె తూగును. చూచుటకు ఇది అల్పముగా కనబడును. ధ్వనియు మెల్లగా గుసగుసవలె నుండును. కాని చేతివేగమునకు గుట్టు ఇచ్చటనే యున్నది. చేయి యొకసారి దిగి రెండు దెబ్బల పని చేయుచున్నది గదా! కావున దాని వేగము కష్టము లేకయే రెట్టింపగును. క్యూబావారు ముఖ్యముగా వాడు నడక దీనిమీదనే నిలిచియున్నది. ఎనిమిది దెబ్బలుగా లెక్కించినయెడల, మొదటిది ఎడమచేతి అరచేతిభాగము, రెండవది ఎడమ వ్రేళ్లు, మూడవది కుడిచేతి స్లాపు, నాలుగవది ఎడమ వ్రేళ్లు, అయిదవది ఎడమ అరచేతిభాగము, ఆఱవది ఎడమ వ్రేళ్లు, ఏడును ఎనిమిదియు కుడిచేతి ఓపెను ధ్వనులు. ఎనిమిదింటిలో అయిదు ఎడమచేతివే యని గమనింపుడు. వినువారికి మాత్రము కుడిచేతి మూడు దెబ్బలే పైకి వినబడును. వినబడని అయిదింటిని నమ్మకముగా నిర్వహించు ఎడమచేయి లేనివానికి ఆ మూడును చోటు తప్పును. మన పిల్లలు కుడిచేతికి మాత్రమే సాధన చేసి, ఎడమచేతిని వెంటవచ్చు చుట్టమువలె చూచుచున్నారు. నిత్యసాధనలో సగముకంటె ఎక్కువకాలము ఎడమచేతికే ఈయవలెనని మా మతము. ఎడమచేతివాటము గలవారు దీనిని త్రిప్పి చదువుకొందురు గాక.

వేగమేల రాదో లెక్క కట్టి చూపుదుము. లెక్కల మాస్టరుగారు క్షమింతురు గాక. నిమిషమునకు 60 తాళములు వేసి, తాళమునకు నాలుగు దెబ్బలు చొప్పున వాయించినచో నిమిషమునకు 240 దెబ్బలు. ఒక్కొక్క చేతికి 120. అనగా సెకండునకు రెండు. తాళములను 120 చేసినయెడల చేతికి సెకండునకు నాలుగు దెబ్బలు పడును. అనగా కాలుసెకండులో చేయి లేచి మరల దిగవలెను. ఒక విద్యార్థి చేతిని 12 అంగుళములు లేపుచున్నాడనుకొనుడు. పోకయు రాకయు కలిపి దెబ్బకు 24 అంగుళముల ప్రయాణము. ఇంకొకడు 3 అంగుళములు మాత్రమే లేపుచున్నాడు; వానిది 6 అంగుళములు. నిమిషమునకు 240 దెబ్బలు వేయుటలో మొదటివాని చేయి 480 అడుగులు తిరుగును, రెండవవాని చేయి 120 అడుగులు. ఇద్దఱును ఒకే పాటను ఒకే వేగమున వాయించుచున్నారు. మొదటివాడు చెమటలు కార్చుచు నాలుగు రెట్లు నడచుచున్నాడు! సభవారు మొదటివానికే చప్పట్లు కొట్టుదురు. అది వేఱు సంగతి.

ఎత్తు తగ్గించుటతోనే పని తీఱదు. చేతిని పైకి లేపు కండరములును, క్రిందికి దింపు కండరములును వేఱువేఱు. ఒకటి పనిచేయునప్పుడు రెండవది విశ్రమింపవలెను. వడిగా వాయింపవలెనని మనస్సులో పట్టుదల పుట్టినవెంటనే ఈ రెండును ఒకేసారి బిగిసికొనును. ఎడ్లబండికి ముందొక జత, వెనుకనొక జత కట్టి రెండువైపులకు తోలినట్లగును. భుజములు చెవులవద్దకు లేచుట, పండ్లు కొఱుకుకొనుట, శ్వాస బిగబట్టుట, ఇవి దాని గుఱుతులు. ఈ గుఱుతులలో నేదియైన కనబడినతోడనే విద్యార్థి నిలిపివేయవలెను. నిలిపి, చేతులను ప్రక్కకు వ్రేలాడవిడిచి, కాలమును తగ్గించి మరల మొదలుపెట్టవలెను. చర్మము బిగువుగా నున్నందున చేతిని తిరిగి పైకి పంపును. ఆ ఉపకారమును స్వీకరించు చేతికి సగము శ్రమ తగ్గును. బిగిసిన చేయి ఆ యుపకారమును త్రోసివేయును.

కావున సాధన మెల్లగా నుండవలెను. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని మన సామెత. ఈ విద్యలో మాత్రము ఆ సామెత పూర్తిగా సరిపడదు. ఇచ్చట నిలబడినవానికే పాలు దొరకుచున్నవి. మృదంగ విద్వాంసులు శిష్యులకు త-ధి-తొం-నం అను పాఠమును మొదట విలంబముగా చెప్పి, అది నిలిచిన పిదప రెండవకాలము, మూడవకాలము చేయింతురు. ఆ క్రమమును మనము తుంబాకు తెచ్చుకొనుటకు సంకోచింప నక్కఱలేదు. కాలము తప్పకుండుటకు మెట్రోనోము అను యంత్రమున్నది. మేల్జల్ అను నాతడు దానికి 1815 సం॥న పేటెంటు పొందెను. ఇప్పుడది చేతిఫోనులలోనే దొరకును. ఫోనును మంచిపనికి వాడు అవకాశములు కొన్నియే యున్నవి. వానిలో నిది యొకటి. అరువదితో మొదలిడి, వారము దినములు ప్రతి దెబ్బయు స్పష్టముగా పలికినపిమ్మట నాలుగు తాళములు మాత్రమే పెంచవలెను. పెంచినచోట ఓపెను ధ్వని మసకబాఱినయెడల వెనుకకు రావలెను. వెనుకకు వచ్చుట ఓటమి యని తలచువాడు ఈ వాద్యమును నేర్వజాలడు.

చేతుల వరుసలకు బోస్టను నగరవాసియైన జార్జి లారెన్స్ స్టోన్ 1935 లో ప్రకటించిన "స్టిక్ కంట్రోల్" అను పుస్తకము మంచి సాధనము. అది పుల్లలతో వాయించు వాద్యమునకై వ్రాయబడినది. కాని చేతులకును పనికివచ్చును. కుడి-ఎడమ-కుడి-ఎడమ, కుడి-కుడి-ఎడమ-ఎడమ, కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ, ఇట్టి వరుసలతో ఆ పుస్తకము ప్రారంభమగును. ఒక్కొక్కదానిని ఆపక యిరువదిసారులు వాయింపవలెనని గ్రంథకర్త విధించెను. కుడిచేతి దెబ్బ యేదో ఎడమచేతి దెబ్బ యేదో వినువాడు కనిపెట్టలేని స్థితి వచ్చువఱకు సాధన సాగవలెను. 1963 లో పోర్టోరికో ద్వీపమున జన్మించిన జియోవన్నీ హిడాల్గో ఇట్టి పుల్లల వరుసలను చేతులలోనికి దెచ్చి, కాంగావాద్యకారులలో చేతివేగమునకు పెట్టినది పేరనిపించుకొనెను. పిల్లలు ఆయన వాద్యమును ఫోనులో చూచి మైమఱచుచుందురు. మఱియొకసారి చూడుడని మా సలహా. ఈసారి ధ్వనిని ఆపి, ఆయన భుజములను మాత్రము చూడుడు. చేతులు మెఱుపులవలె ఆడుచుండగా భుజములు నిద్రించుచున్నట్లుండును.

చేతులకు కలుగు హానిని గూర్చి తల్లిదండ్రులకు వ్రాయవలసియున్నది. క్రొత్తగా నేర్చువారికి అరచేతులు కొంచెము ఎఱ్ఱబడుట, మంట పుట్టుట స్వాభావికము; ఒక రాత్రికి తగ్గును. వ్రేళ్ల కీళ్లు వాచుట, తిమ్మిరి పట్టుట, కలము పట్టుకొనలేకపోవుట స్వాభావికములు కావు. బొబ్బలకు బట్టచుట్టి మరల వాయించుట వీరత్వమని విద్యార్థులలో నొక భావము వ్యాపించియున్నది. ఇది వట్టి మౌఢ్యము. ఇంతకంటె గంభీరమైన సంగతి యొకటి గలదు. బహుదూరము నడచిన సైనికులకు మూత్రము నల్లబడుట 1881 లోనే జర్మను వైద్యుడొకడు వర్ణించెను. అరికాళ్లు నేలకు మరల మరల తాకుటవలన రక్తకణములు నలిగి పగులుటయే దానికి కారణము. చేతులతో కాంగాను తీవ్రముగా వాయించినవారికిని అట్లే మూత్రము రంగు మాఱుటను అమెరికాలోని వైద్యులు 1974 లో ప్రకటించిరి. ఇది సామాన్యముగా కలుగునది కాదు. పిల్లలను భయపెట్టుటకు వ్రాయుటలేదు. కాని గంటలకొలది గుద్దిన పిమ్మట మూత్రము ఎఱ్ఱగానో కాఫీరంగుగానో కనబడినచో, దాచక ఇంట చెప్పి, వాద్యము మాని, వైద్యునియొద్దకు పోవలెను. చేతులు దేవుడిచ్చినవి, పరీక్షలో వ్రాయుటకును, ముసలితనమున అన్నము కలుపుకొనుటకును అవియే కావలెను.

ఇందుకు విద్యార్థులు చెప్పు సమాధానమును మేమెఱుగుదుము. "మాస్టారూ, మెల్లగా వాయించినచో నెవరు వినెదరు?" అందురు. ఎవరు వినెదరో చెప్పుదుము. ఆదివారమున మూడవవరుసలో కూర్చుండు వృద్ధులు వినెదరు. కీర్తన మొదటి చరణమును హార్మోనియమువారు తగిన నడకలో నెత్తుకొందురు. రెండవ చరణమునకు తుంబా చేతులు వేడెక్కును. మూడవ చరణమునకు పాట పరుగెత్తును. పండ్లులేని నోళ్లు మాటలను అందుకొనలేక సగములో నిలిచిపోవును. నాలుగవ చరణము గాయకబృందమువారు మాత్రమే పాడుదురు. ఆ దినము కూటము ముగిసిన తరువాత వాద్యమునకు మెప్పు వచ్చును. ఆరాధనకు వచ్చిన మనుష్యులలో సగముమంది నోళ్లు మూయబడినవని ఎవరును లెక్కింపరు. వాద్యము తగని విధమున వాయింపబడుట యని పైని మేమన్నది దీనినే. తాళము పట్టువాడు సంఘమంతటి శ్వాసను చేతిలో పట్టుకొనియున్నాడు. వేగము చేతనైయుండియు కీర్తన కోరని చోట దానిని బిగపట్టుకొనగల చేయియే శిక్షితమైన చేయి. క్యూబాలోనైనను బృందమందు పెద్దవాద్యములు నడకను మార్పులేక మోయుచుండును. చిన్నదైన కింటోకు మాత్రమే స్వేచ్ఛగా పలుకుటకు అధికారము. మన బృందములలో మోయువారు లేరు, అందఱును కింటోలే!

బాలికల విషయమైకూడ ఒకమాట. తుంబా మగపిల్లల వాద్యమని మన పాఠశాలలో నెవరును శాసనము చేయలేదు. అయినను బాలికలు దానికి దూరముగానే నిలుచుచున్నారు. హవానా నగరమందు 1932 లో కొందఱు అక్కచెల్లెండ్రు ఆనకావోనా యను వాద్యబృందమును స్థాపించి, తాళవాద్యములతో సహా అన్నింటిని స్త్రీలే వాయించి దేశదేశములు తిరిగిరి. బలము అక్కఱలేదని పైని వ్రాసితిమి గదా. అట్లయినచో బాలికలను వెలిగా నుంచుటకు మిగిలిన కారణమేమి? తల్లులు దీనిని ఆలోచింతురని నమ్ముచున్నాము.

పోటీని గూర్చి మా సూచన యిది. పరీక్షకులు ప్రతి విద్యార్థిచేతను మొదట మూడు ధ్వనులను విడివిడిగా, నిమిషమునకు 60 తాళములలో, ఎడమచేతితోను కుడిచేతితోను పలికింపవలెను. తరువాత పైని చెప్పిన ఎనిమిది దెబ్బల నడకను మూడు నిమిషములు, కాలము పెరుగక తరుగక, వాయింపుమనవలెను. మూడు నిమిషములు నడకను కదలక నిలుపుట ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలియును; అందఱికంటె వడిగలవారు ఇచ్చటనే ముందు పడిపోవుదురు. పిమ్మట ఒక కీర్తనకు గాయకులతో కూడి వాయింపుమనవలెను. కడపట, కావలసినయెడల, వారికి తోచిన వేగమున ఒక నిమిషము విడిచిపెట్టవచ్చును. దానికి పదవవంతు మార్కులు చాలును. దీనివలన పోటీ చూచుటకు చప్పగానుండునని కొందఱుపాధ్యాయు లందురు. ఉండవచ్చును. గుణింతములు వల్లించుటయు చూచుటకు చప్పగానే యుండును.

వాద్యము ఖరీదైనది, పాఠశాలకొకటి యున్నయెడల ఇరువదిమంది దానిచుట్టు మూగుదురు. కావున వరుసలను బల్లపైనను, తొడపైనను మెత్తగా సాధన చేయవచ్చును. ధ్వనిని మాత్రము వాద్యముమీదనే నేర్వవలెను. దినమునకు ఇరువది నిమిషములు చాలును. అందు అయిదు నిమిషములు చేతిని ఊచుటకు, పది నిమిషములు వరుసలకు, మిగిలిన అయిదు నడకకు ఇచ్చినయెడల ఆఱునెలలలో చేయి తనకుతానే వడిని చూపును. ఆదివారము సాయంకాలమున మూడుగంటలు గుద్ది, తక్కిన వారమంతయు ముట్టకుండుటవలన నేమియు రాదు. వాయించుట ముగిసిన తరువాత చెవితో మరచీలలను కొంచెము సడలింపవలెను. బిగించి విడిచిన తోలు త్వరలో చెడును. ఎండలో నుంచరాదు, వానచినుకు పడనీయరాదు. టాటా గ్వీనెస్ (1930-2008) గోళ్లతో కూడ వాయించి కీర్తి గాంచెనని పెద్ద తరగతివారొకరు మాతో వాదించిరి. నిజమే, ఆయన గోళ్లు ఆయనవి. నేర్చుకొనదలచిన బాలబాలికలు గోళ్లు కత్తిరించుకొని, ఉంగరములును చేతిగడియారములును ఇంట విడిచి, సాయంకాలము బడి విడిచిన తరువాత సంగీతపుగదికి రావలెను. మొదటి నెల వేగము మాట ఎత్తరాదు.